రెండో నంబరు మూత

మెరిగాల్ ఓడలో పనిచేసినన్నాళ్ళలో హోరీ పెంగెల్లీ ముక్కు మూడుసార్లు విరిగింది. మూడుసార్లూ ఒకే చోట, ముందు డెక్కు మీద, సరుకు గొయ్యిని కప్పే చెక్కబల్లల మూత మీద. దాన్ని అందరూ రెండో నంబరు మూత అనేవారు. ఓడకి ఏటేటా రంగులేసి ముస్తాబు చేసేవారు గాని, హోరీ ముక్కుని బాగుచేయించాలని ఎవరికీ తోచలేదు. హోరీకి అసలే తోచలేదు. తన ఊరు పోర్ట్ అడిలైడ్ రేవు వీధుల్లో ఆ ముక్కుని చూసే, వీడు మెరిగాల్ మనిషి అని పోల్చుకునేవారు.

యుద్ధానికి ముందు మెరిగాల్ మహా సోకులాడి. మెల్‌బోర్న్‌లో బయలుదేరి సిడ్నీ, బ్రిస్బేన్ మీదుగా కెయిర్న్స్ దాకా పోయి వచ్చేది. పైన కొత్త పెళ్ళిజంటలు, గొర్రెల ఆసాములు, బ్యాండు, డాన్సు హాలు, వెండి పళ్ళెంలో అనాసముక్కలు. కింద బాయిలర్ల గదిలో హోరీలాంటి వాళ్ళు, మెడకి చెమటగుడ్డ చుట్టుకుని కొలిముల నోళ్ళలో బొగ్గు కూరుతూ ఉండేవారు. పైవాళ్ళ డెక్కు మీద బొగ్గు మనిషి కాలు కనబడితే అదే వాడి ఆఖరి ప్రయాణం. ఆ దొరసానులు ఓడ దానంతటదే నడుస్తోందని అనుకునేవారు కాబోలు.

కింద వేడికి మనుషుల బుర్రలు ఉడికిపోయేవి. మాటకి ముందు పార లేచేది. అందుకని బొగ్గువాళ్ళు తమకి తామే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. కింద ఎవడూ ఎవడి మీదా చెయ్యెత్తకూడదు. ‘మూత మీదికి రా’ అంటే చాలు. డ్యూటీ దిగాక ఇద్దరూ బూట్లు విప్పి మూత ఎక్కాలి. ఒకడు లేవలేనంతదాకా కొట్టుకోవాలి. గెలిచినవాడు సముద్రంలోంచి బకెట్టుతో నీళ్ళు చేది, ఓడినవాడి మొహం తన చేత్తో కడగాలి. కడిగాక ఆ గొడవ ఊసు ఎవడూ ఎత్తకూడదు, తాగినా సరే. హోరీ పళ్ళు రాలగొట్టిన మొహాలు కడిగాడు, తన మొహం కడిగించుకున్నాడు. తెగిన పెదవికి ఉప్పునీళ్ళు తగిలితే ప్రాణం లేచిపోయేది. అయినా మర్నాడు ఆ మనిషి పక్కనే నిలబడి బొగ్గెయ్యడానికి అడ్డేమీ ఉండేది కాదు. హోరీకి దేవుడి మీద లేని నమ్మకం ఈ కట్టుబాటు మీద ఉండేది.

అతని తమ్ముడు లెన్ కూడా అదే ఓడలో చేరాడు. బొగ్గు కొట్టులో ఉండి, బొగ్గుని కొలిములవైపు తోసే పని. అన్న మొద్దు, తమ్ముడు మాటకారి. కొట్టులో గడియారం లేకపోయినా టీ వేళ లెన్‌కి కడుపులోనే తెలిసేది. పారకర్రతో ఇనప తలుపు మీద రెండుసార్లు మెల్లిగా, మూడుసార్లు గబగబా తట్టేవాడు. మహారాణిగారికి టీ వేళయిందిరా అని అందరూ వెక్కిరించేవారు. ఎక్కువగా ఆ తలుపు తీసేది వెర్న్ క్రెడ్డాక్. న్యూకాజిల్ మనిషి, బొగ్గువాళ్ళకి మేస్త్రీ. నవ్వితే మొహం అరిగిపోతుందన్నట్టు ఉండేవాడు. కాని లెన్ తట్టినప్పుడు మాత్రం అతని మూతి కొంచెం వంకర తిరిగేది. అదే అతని నవ్వు.

యుద్ధం వచ్చింది. మెరిగాల్‌కి బూడిదరంగు పూసి, డాన్సు హాల్లో అంతస్తుల మంచాలు దిగ్గొట్టి, సైన్యాన్ని మోయించారు. ఉత్తర తీరంలో ఒక రేవులో ఆగి ఉండగా, పట్టపగలు విమానాలు వచ్చి బాంబులు కురిపించాయి. జెట్టీ మీద మనుషులు ముక్కలై ఎగిరారు. చమురు అంటుకున్న నీళ్ళలో ఈదేవాళ్ళు ఈదుతూనే కాలిపోయారు. హోరీ డెక్కు మీద మంటలార్పే గొట్టం పట్టుకుని ఉన్నాడు. తనతో పాటు గొట్టం పట్టుకున్నవాడి తల లేకుండా పోయింది, చేతులు మాత్రం గొట్టాన్ని వదల్లేదు. అంతలో ఓడ పక్కనే ఒక బాంబు పడింది. బొగ్గు కొట్టు గోడ చీలిందని ఎవరో అరిచారు.

హోరీ కిందికి పరిగెత్తేసరికి కొట్టు తలుపు మూసి ఉంది. చుట్టూ ఇనప చీలలు సుత్తితో దిగ్గొట్టి ఉన్నాయి. మోకాళ్ళదాకా నల్లటి నీళ్ళలో, తలుపుకి వీపు ఆన్చి వెర్న్ నిలబడి ఉన్నాడు. లెన్ ఏడని హోరీ అడిగాడు. వెర్న్ తలుపుకి వీపు ఇంకా గట్టిగా ఆన్చాడు.

“తట్టాడా?” అన్నాడు హోరీ. “నువ్వు తలుపు బిగిస్తుంటే వాడు తట్టాడా లేదా? ఆ ఒక్క ముక్క చెప్పు.”

వెర్న్ నోరు విప్పలేదు. హోరీ పార ఎత్తాడు. నలుగురు కలిసి అతన్ని వెనక్కి లాగారు. లాగుతుంటేనే ‘మూత మీదికి రా’ అన్నాడు. వెర్న్ తలూపాడు.

ఆ తలుపు మూయబట్టే ఓడ మునగలేదు. కెప్టెన్ స్వయంగా కిందికి దిగి వెర్న్ చెయ్యి పట్టుకుని ఊపాడు. హోరీ మాటకి మొద్దే గాని తెలివితక్కువవాడు కాదు. మూయకపోతే అందరూ పోయేవారని అతనికీ తెలుసు. అతనికి కావలసింది వేరు. తట్టకపోతే లెన్ బాంబు దెబ్బకే, ఏమీ తెలియకుండానే పోయినట్టు. తట్టి ఉంటే, తట్టుతున్నది వింటూనే వెర్న్ చీలలు దిగ్గొట్టినట్టు. ఆ మాట మూత మీదే రాబట్టాలి. తట్టాడంటే మాత్రం వెర్న్‌ని ఇక లేవనివ్వకూడదు, మొహం కడిగే అవసరమే రానివ్వకూడదు. హోరీ అలా ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు లేకపోతే ఆ నెలలో తిండి కూడా తినేవాడు కాడు.

కాని మూత ఎక్కే వీలు రాలేదు. ఓడని సిడ్నీకి ఈడ్చుకెళ్ళి మరమ్మతుకి డాకులో పెట్టారు. చీలిన గోడ కోసి కొత్త రేకు వేశారు. కొట్టులోంచి లెన్‌ని తీసినప్పుడు హోరీని చూడనివ్వలేదు. తర్వాత మెరిగాల్‌కి తెల్లరంగు పూశారు, నడుం చుట్టూ పచ్చటి పట్టీ వేశారు, రెండు పక్కలా ఇల్లంత రెడ్‌క్రాస్ గుర్తులు దిద్దారు. ఇక అది ఆస్పత్రి ఓడ. రెండో నంబరు మూత కింద ఉన్న సరుకు గొయ్యి వార్డయింది. నిన్నటిదాకా గొర్రె మాంసం వేలాడిన చోట మంచాలు వరసలు వరసలుగా వేశారు. వేణ్ణీళ్ళు తేవడానికి వీలుగా వార్డుకీ బాయిలర్ల గదికీ మధ్య గోడ కోసి, చక్రం తిప్పితే బిగిసే ఇనప తలుపు పెట్టారు.

కూలీసంఘం తరఫున మాట్లాడే ముసలి జాగో బొగ్గువాళ్ళందరినీ కూడేశాడు. ఓడలో ఎవడికి ఎవడి మీద ఏముందో ఆయనకి తెలుసు. “మూత కింద కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళు పడుకుంటారు,” అన్నాడు. “వాళ్ళ నెత్తి మీద మనం తన్నుకోవడం బాగుండదు. ఓడకి ఆ గుర్తు ఉన్నంతకాలం మూత లేదు. తగువులుంటే దాచుకోండి, కుళ్ళిపోవు.” సరేనన్నవాళ్ళు చేతులెత్తారు. వెర్న్ ఎత్తేదాకా చూసి హోరీ కూడా ఎత్తాడు. కుళ్ళిపోదు అన్న మాట మాత్రం అతనికి నచ్చింది.

న్యూగినీ నించి గాయపడినవాళ్ళని తెచ్చే పని మొదలైంది. మనుషులు చాలక హోరీనీ వెర్న్‌నీ పక్కపక్క కొలిముల దగ్గర పెట్టారు. ఇద్దరి మధ్యా పని మాట తప్ప ఇంకో మాట లేదు. కొన్నాళ్ళకి పైన ఆపరేషన్ గదిలోంచి గుడ్డ కప్పిన బకెట్లు రావడం మొదలైంది. సముద్రంలో పారేస్తే షార్కులు ఓడ వెంట పడతాయి, కొలిమిలో వెయ్యండి అన్నారు. మోకాలి దగ్గర కోసిన కాళ్ళు, చీము పట్టి నల్లబడిన పాదాలు, వేళ్ళు ముడుచుకున్న చేతులు. ఆ పని ఇంకెవరూ ముట్టుకోలేదు. వెర్న్ కొలిమి తలుపు తీసేవాడు, హోరీ విసిరేవాడు. ఒకసారి ఒక చెయ్యి వచ్చింది. ఎండకి కమిలిన ఆ చేతి మీద గడియారం కట్టుకున్న మేర తెల్లగా ఉంది. హోరీ దాన్ని పట్టుకుని నిలబడిపోయాడు. వెర్న్ తలుపు తీసి పట్టుకునే ఉన్నాడు, ముంజేతి మీద చర్మం పొక్కుతున్నా తొందరపెట్టలేదు. ఆ రోజు హోరీకి వెర్న్ మీద కోపం తగ్గింది. తగ్గినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వార్డుకి వేణ్ణీళ్ళ డబ్బాలు మోసుకెళ్ళేది కూడా హోరీయే. అక్కడ పెత్తనం సిస్టర్ ఆగ్నెస్ రింటౌల్‌ది. సన్నటి మనిషి, గొంతు మాత్రం ఓడ కూతలా ఉండేది. ఒకరోజు జ్వరంతో మతి తప్పిన సైనికుడొకడు ఆమెని శత్రువనుకుని గొంతు పిసికాడు. ఆమె కళ్ళు తేలేస్తుంటే హోరీ డబ్బాలు వదిలేసి వాడి దవడ మీద గుద్దాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. గొంతు మీద వేలిముద్రలతోనే సిస్టర్ లేచి, ముందు వాడి దవడకి కట్టు కట్టింది. తర్వాత హోరీవైపు తిరిగి, చచ్చేలా కొట్టమని నిన్నెవడు అడిగాడు అని నానా చివాట్లూ పెట్టింది. అప్పటినించి హోరీకి ఆమె అంటే భయమూ గౌరవమూ పట్టుకున్నాయి.

ఒక ఉదయం న్యూగినీలో ఒక అఖాతంలో లంగరు వేసి, పడవల్లోంచి స్ట్రెచర్లు ఎక్కిస్తున్నారు. వార్డు నిండిపోయింది. తుంటి దాకా పిండికట్లు వేసిన ముగ్గురిని తలుపు పక్కన కింది వరసలో పడుకోబెట్టారు. ఆ మంచాలు నేలకి జానెడెత్తున ఉంటాయి. హోరీ డబ్బాలు దించుతున్నాడు. మబ్బులోంచి ఒకే ఒక్క విమానం దిగింది. రెడ్‌క్రాస్ గుర్తు కనబడలేదో, కనబడినా లెక్కచెయ్యలేదో, బాంబు వేసింది. అది బాయిలర్ల గది పక్కన నీళ్ళలో పేలింది. ఓడ మొత్తం పైకి లేచి పడింది. మంచాల మీదున్నవాళ్ళు నేల మీద పడ్డారు. కుట్లు తెగిన పొట్టలూ, మళ్ళీ విరిగిన ఎముకలూ, అరుపులూ.

ఇనప తలుపులోంచి ఆవిరీ నీళ్ళూ కలిసి వార్డులోకి తోసుకొచ్చాయి. హోరీ తలుపు దగ్గరికి చేరాడు. లోపల వెర్న్ ఒక్కడే ఉన్నాడు. ఊడిన ఇనప రేకు కింద అతని పాదం నలిగి ఇరుక్కుపోయింది. నీళ్ళు అతని నడుం దాకా వచ్చేశాయి. “మూసెయ్ రా!” అని కేకపెట్టాడు. వెనకనించి సిస్టర్ కూడా తలుపు, తలుపు అని అరుస్తోంది. హోరీ చెయ్యి చక్రం మీదే ఉంది. నాలుగు చుట్లు తిప్పితే అయిపోయేది.

తిప్పలేదు. లోపలికి దూకాడు.

స్నేహం కోసం దూకాడని తర్వాత అందరూ చెప్పుకున్నారు. అది అబద్ధమని హోరీకి తెలుసు. ఈ మనిషి పోతే లెన్ తట్టాడో లేదో చెప్పేవాడు ఇక ఈ లోకంలో ఉండడు. ఆ క్షణంలో అతని బుర్రలో ఉన్నది అదొక్కటే. పొడుగాటి ఇనప కమ్మీ దొరకబుచ్చుకుని రేకుని ఎత్తాడు. వెర్న్ పాదంలో సగం రేకు కిందే ఉండిపోయింది. ఆవిరికి ఒళ్ళు ఉడుకుతుంటే, జుట్టు పట్టుకుని, చంక కింద చెయ్యేసి లాక్కొచ్చాడు. వెనకాల వార్డులో, కింది వరసలోంచి తలుపు, తలుపు అని అరుస్తూనే ఉన్నారు. ఆ కేకలు అతనికి వినబడ్డాయి. వింటూనే లాగాడు. వార్డులోకి వచ్చి, తొడల దాకా నీళ్ళలో నిలబడి, చక్రం బిగించేటప్పటికి కింది వరస మంచాలు కనబడలేదు.

పిండికట్లు నీళ్ళు తాగి బండలయ్యాయి. ముగ్గురిలో ఒకడి తలని సిస్టర్ రెండు చేతులతో నీళ్ళపైకి ఎత్తి పట్టుకుని ఉంది. ఎంతసేపు పట్టుకుందో గాని అప్పటికే ఆ మనిషి చచ్చిపోయాడు. ఆమె హోరీని తిట్టలేదు. తిడితే బాగుండునని అతను జీవితాంతం అనుకున్నాడు. “నీ చెయ్యి చక్రం మీదే ఉంది కదయ్యా,” అంది అంతే. తర్వాత ముగ్గురి పేర్లూ చెప్పింది, ఒక్కొక్కటీ అతని కళ్ళలోకి చూస్తూ. ఆ పేర్లు హోరీ ఎన్నడూ మరిచిపోలేదు, ఎన్నడూ పైకి అనలేదు.

కెప్టెన్ ఓడని బురదమేట మీదికెక్కించి కాపాడాడు. పోయిన ముగ్గురూ బాంబు దెబ్బకే పోయారని అందరూ అనుకున్నారు. ఓడని బాగుచెయ్యడానికి బ్రిస్బేన్ తెచ్చినప్పుడు సారా దుకాణంలో తోటివాళ్ళు హోరీని భుజాల మీదికెత్తుకున్నారు. కక్ష ఉన్నవాణ్ణి కాపాడిన మొనగాడివిరా అని బీరు మీద బీరు పోయించారు. హోరీ తాగి, బయటికొచ్చి, గోడకేసి పిడికిళ్ళు చిట్లేదాకా గుద్దాడు. సగం పాదంతో, చంకకర్రతో కూర్చున్న వెర్న్ అది చూశాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. నిజం తెలిసినవాళ్ళు ఓడ మొత్తంలో ఇద్దరే, సిస్టరూ తనూ అని హోరీ అనుకున్నాడు. వెర్న్ కాలు మానాక కుంటుకుంటూనే మళ్ళీ కొలిమి దగ్గరికి వచ్చాడు. పక్కపక్కనే పనిచేశారు. బకెట్లు వస్తూనే ఉన్నాయి.

యుద్ధం అయిపోయింది. సిడ్నీ రేవులో బాల్మెయిన్ దగ్గర లంగరు మీద ఉండగా మెరిగాల్ పక్కన నిలబడే చెక్కలు వేలాడదీసుకుని రంగువాళ్ళు రెడ్‌క్రాస్ గుర్తు చెరిపేశారు. ఓడ దిగేముందు సిస్టర్ రింటౌల్ బొగ్గువాళ్ళందరి చేతులూ కలిపింది. హోరీ దగ్గరికొచ్చి కొంచెంసేపు ఆగింది. చెయ్యి కలపకుండా వెళ్ళిపోయింది. వార్డు ఖాళీ అయింది, మంచాలు పీకేశారు. ఆ సాయంత్రం జాగో బొగ్గువాళ్ళని మూత చుట్టూ నిలబెట్టి, గుర్తు పోయింది కాబట్టి దాచుకున్నవాళ్ళు పైకి రావచ్చు అన్నాడు.

హోరీ బూట్లు విప్పాడు. వెర్న్ కూడా విప్పాడు. సగం పాదంతో అతను మూత ఎక్కుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు వద్దన్నారు. వెర్న్ వినలేదు. కుంటివాడని హోరీ చెయ్యి వెనక్కి తీస్తే తనకి అవమానమని, మొదటి దెబ్బ తనే వేశాడు. హోరీ ముక్కు మళ్ళీ విరిగింది. ఆ తర్వాత ఇద్దరూ మనుషుల్లా కొట్టుకోలేదు. వెర్న్ హోరీ చెవి కొరికి తొక్క ఊడబెరికాడు. హోరీ అతని పక్కటెముకల మీద ఒకే చోట గుద్దుతూ పోయాడు, లోపల ఏదో పట్టు వదిలేదాకా. వెర్న్ నోటి మీద గుద్దితే పన్ను విరిగి హోరీ పిడికిట్లో దిగబడింది. చివరికి వెర్న్ సగం పాదం జారి వెల్లకిలా పడ్డాడు. హోరీ అతని రొమ్ము మీద మోకాలు ఆన్చి, గొంతు పట్టుకుని, పిడికిలి ఎత్తాడు.

“ఇప్పుడు చెప్పు. తట్టాడా?”

వెర్న్ పక్కకి రక్తం ఉమ్మాడు. “తట్టాడు.”

పిడికిలి ఇంకా పైకి లేచింది.

“రెండు మెల్లిగా, మూడు గబగబా,” అన్నాడు వెర్న్. “టీకి తట్టినట్టే తట్టాడు, పిచ్చి వెధవ. సుత్తి చప్పుడు విని, తీస్తున్నాననే అనుకుని ఉంటాడు. చివరి చీల దాకా తట్టాడు. ఇది నీకెలా చెప్పమంటావురా?”

హోరీ గుద్దలేదు. గుద్దాలనే ఉంది. వెర్న్ అతని మెడ పట్టుకుని చెవి దగ్గరికి లాక్కుని, ఇంకెవరికీ వినబడకుండా మిగతాది చెప్పాడు.

“నన్ను లాక్కొచ్చిన రోజు నేనూ విన్నాను హోరీ. ఈ బల్లల కిందే. తలుపు తలుపు అని ఏడ్చారు వాళ్ళు. నీకు వినబడలేదని చెప్పు, నమ్ముతాను.”

వినబడలేదని హోరీ చెప్పలేకపోయాడు. నాలుగేళ్ళుగా ఈ మనిషి నోట్లోంచి లాగాలనుకున్న ‘విన్నాను’ అన్న మాట తన నోట్లోనే ఉంది. వెర్న్ ఒకడి చప్పుడు వింటూ మూసి ఓడనంతా బతికించాడు. తను ముగ్గురి కేకలు వింటూ మూయలేదు, అదీ ఒక జవాబు కోసం. పిడికిలి దానంతటదే విడిపోయింది.

లేవలేనివాడు ఓడినట్టు. వెర్న్ లేవలేడు. హోరీ వెళ్ళి సముద్రంలోంచి నీళ్ళు చేదుకొచ్చాడు. అందరూ అతను మోకాళ్ళ మీద కూచుని కడుగుతాడని చూస్తున్నారు. హోరీ బకెట్టుని వెర్న్ చేతి పక్కన పెట్టి, తను అతని పక్కనే బల్లల మీద వెల్లకిలా పడుకున్నాడు. ఇదేం చోద్యంరా అని ఎవడో గొణిగాడు. జాగో వాడి నోరు మూయించాడు. వెర్న్ పక్కటెముకలు పట్టుకుని, మూలుగుతూ, మోచేతి మీద లేచాడు. తన చొక్కా అంచు ముంచి హోరీ మొహం కడిగాడు. నుదురూ, విరిగిన ముక్కూ, కళ్ళూ, అన్నీ నెమ్మదిగా కడిగాడు. నీళ్ళు బల్లల సందుల్లోంచి కింది ఖాళీ వార్డులోకి కారాయి. హోరీ ఏడుస్తున్నాడని కడిగేవాడికి తప్ప ఇంకెవరికీ తెలియలేదు.

తర్వాత మెరిగాల్‌కి మళ్ళీ సోకులు చేశారు. బ్యాండు వచ్చింది, పెళ్ళిజంటలొచ్చాయి. ఓడని పాత ఇనుముకి అమ్మేదాకా హోరీ, వెర్న్ పక్కపక్క కొలిముల దగ్గరే పనిచేశారు. కట్టుబాటు ప్రకారం ఆ ఊసు ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. వార్డు మళ్ళీ సరుకు గొయ్యి అయింది గనక ఆ ఇనప తలుపుతో ఎవరికీ పనిలేదు. అయినా డ్యూటీ ఎక్కగానే హోరీ వెళ్ళి, చక్రం పూర్తిగా బిగిసి ఉందో లేదో చేత్తో పట్టి చూసేవాడు. ఆ కాసేపూ వెర్న్ ఇద్దరి కొలిముల్లోనూ బొగ్గేసేవాడు. టీ వేళయితే పేరు పెట్టి పిలిచేవాడు, ఇనుము మీద ఎన్నడూ తట్టలేదు.